ఇంటి పెరుమాళ్ళకు మెరుగు ఎవరి కోసం?

పండుగ ముందరి దినాలలో వైష్ణవ గృహాలలో ఒక దృశ్యం కనబడుతుంది. పూజామందిరంలోని సామగ్రి అంతా పెరటి గట్టు మీదికి చేరుతుంది. దీపపు సెమ్మెలు, పంచపాత్రలు, ఉద్ధరిణులు, హారతి పళ్ళెం, గంట, వీటి సరసనే తాతముత్తాతల నాటి మూర్తులు. నానబెట్టిన చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు సిద్ధంగా ఉంటాయి. ఈ కాలంలో చింతపండుకు బదులు అంగడిలో దొరికే పొడి వచ్చినది. గడియ తిరిగేసరికి అన్నీ తళతళలాడుతుంటాయి. ఇంటివారు సంతోషిస్తారు.

ఆ సంతోషంలో దోషమేమున్నదని ఎవరైనా అడుగవచ్చు. శుచి లేనిదే ఆరాధన లేదు కదా! నిజమే. అయితే పళ్ళెం వేరు, పళ్ళెంలో వేంచేసి ఉన్నవాడు వేరు. పళ్ళేన్ని తోమినట్లు పెరుమాళ్ళను తోమవచ్చునా? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. విచారించిన కొద్దీ, మానవునికీ అతని చేతికి వచ్చిన ప్రాచీన వస్తువుకూ గల సంబంధం ఎట్టిదన్న పెద్ద ప్రశ్న అవుతుంది.

ఒక గృహాన్ని భావించవచ్చు. ఆ ఇంట నాలుగైదు తరాలుగా ఆరాధన అందుకొంటున్న పంచలోహ మూర్తి నవనీత కృష్ణుడు. ఒంటి కాలిపై నర్తిస్తూ, కుడి చేత వెన్నముద్ద పట్టిన జానెడు బాలుడు. ముక్కు కొస అరిగినది. చెక్కిళ్ళు నునుపెక్కినవి. మొలనూలి గజ్జెలు ఒకప్పుడు లెక్కపెట్టడానికి వీలుగా ఉండేవి. ఇప్పుడు కంటికి ఆనవు, వేలికి మాత్రం తెలుస్తాయి. ఎనుబది యేండ్ల వృద్ధురాలు ప్రతి ఉదయమూ ఆ బాలునికి మంచినీళ్ళు పోసి, మెత్తని పాతబట్టతో తడి ఒత్తి, తిరుమణి శ్రీచూర్ణాలు దిద్ది, కుమారుడు తిరువారాధనకు కూర్చునే వేళకు సిద్ధం చేస్తుంది. అంతలో కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చినది. కోడలు భక్తి లేనిది కాదు. నలుగురూ వచ్చే వేళ స్వామి నల్లగా, మసకగా ఉండడం ఆమెకు మనసొప్పలేదు. పట్నంలో యంత్రం మీద మెరుగు పెట్టే దుకాణానికి పంపించినది. రెండు దినాలకు స్వామి బంగారు ఛాయతో తిరిగి వచ్చినాడు. ముసలమ్మ చేతిలోకి తీసుకొని తడిమి చూచినది. గజ్జెలు లేవు. కనుబొమల గీత లేదు.

"అమ్మాయీ, ఈయన చాలా అందంగా ఉన్నాడు. మరి మన కృష్ణయ్య ఏడీ?" అన్నది.

"ఆయనే అత్తయ్యగారూ. మురికి పోయినది, అంతే" అని కోడలు బదులు చెప్పినది.

ఈ ఇద్దరిలో తప్పెవరిదని తీర్పు చెప్పడం అంత తేలిక కాదు. కోడలి పక్షాన చెప్పవలసినది చాలా ఉన్నది. స్వామి దివ్యమంగళ విగ్రహుడు. ఆయన తేజస్సు కంటికి కనబడవలెనని కోరడం భక్తికి సహజమే. దీపపు మసి, నూనె జిడ్డు, ఎండి గట్టిపడిన చందనం, ముడతలలో పేరుకున్న కుంకుమ, ఇవేవీ ప్రాచీనత కావు. అవి ఉపేక్షకు గుర్తులు. పాతది గనుక ముట్టుకోరాదని మురికిని కూడా వారసత్వంగా కాపాడే ఇళ్ళు కొన్ని ఉన్నవి; వాటిని చూచి మెచ్చుకోవడానికి ఏమీ లేదు. అరిగిన మూర్తి అంతా సేవ వల్లనే అరిగినదని చెప్పడమూ కుదరదు. ఆ ముసలమ్మ అత్తగారు, ఆమె అత్తగారు చింతపండుతో, ఇటుక పొడితో ఎన్ని పండుగలకు తోమినారో ఎవరికి తెలుసు? యంత్రం ఒక దినంలో చేసిన పనిని పీచు నూరేండ్లలో చేసి ఉండవచ్చు.

కాబట్టి శుద్ధి చేయవలెనా, వద్దా అన్నది ప్రశ్న కానే కాదు. ఎంత చేయవలెను, ఎవరి కోసం చేయవలెను అన్నదే ప్రశ్న.

ధర్మశాస్త్రం ఈ విషయంలో చాలా మెలకువగా మాట్లాడినది. మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణం ఉన్నది. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం మొదలైన లోహాలకు క్షారంతో, ఆమ్లంతో, నీటితో శుద్ధి విధించినది. కాని ఆ విధికి 'దేనికి తగినట్లు దానికి' అన్న నియమాన్ని జతపరచినది. లేపం లేని బంగారు పాత్రకు నీరు మాత్రమే చాలునన్నది. వేల యేండ్లనాటి గృహస్థునికి పులుపూ బూడిదా అందుబాటులోనే ఉన్నవి. అయినా అన్నిటికీ అదే వాడుమని శాస్త్రం చెప్పలేదు. ఏ వస్తువు ఎంత అడుగుతున్నదో అంతే చేయుమన్నది. శుద్ధికి కొలత వస్తువులో ఉన్నది గాని, శుద్ధి చేసేవాని ఉత్సాహంలో లేదు.

ఈ మాటలోని లోతు తెలియాలంటే లోహం సంగతి కొంత తెలియవలెను. ప్రాచీన పంచలోహ మూర్తులు మధూచ్ఛిష్ట విధానంలో పోతపోసినవి. ముందు మైనంతో మూర్తిని తీర్చి, దానిపై మెత్తని మట్టి పూతలు పూసి ఆరబెట్టి, కాచి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలోకి లోహద్రవం పోస్తారు. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో ఈ పద్ధతిని వివరించినాడు. చివర మట్టిమూసను పగులగొట్టి మూర్తిని వెలికి తీస్తారు. మైనపు రూపం కరిగిపోయినది, మూస పగిలిపోయినది. కనుక ఆ మూర్తి వంటి మూర్తి ఇంకొకటి పుట్టదు. అటు తరువాత శిల్పి ఉలితో కనుబొమలు, పెదవి కొస, హారాల పూసలు తీరుస్తాడు. ఆ గీతల లోతు చాలా స్వల్పం. రాపిడి తాకేది మొదట వాటినే.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉన్నది. అది రాగి మీది నల్లని పొరను కరిగిస్తుంది. అందుకే మెరుపు వస్తుంది. కరిగిన ఆ పొర ఎక్కడిది? మూర్తి మీద పైనుంచి వచ్చి పడినది కాదు. మూర్తి లోహమే గాలితో, తేమతో కలిసి అట్లా మారినది. తోమిన ప్రతిసారీ మూర్తి కొంత నీళ్ళలో కలిసి తూములోకి పోతున్నదన్నమాట. గట్టిగా, సమంగా, నల్లగానో గోధుమ వన్నెలోనో ఉన్న పొర లోపలి లోహానికి కవచం వంటిది. దానిని ఒలిచివేస్తే నెల తిరగకుండా లోహం మళ్ళీ మసకబారుతుంది, మళ్ళీ తోమవలసి వస్తుంది. ఉప్పు కలిపి తోమడం ఇంకా హానికరం. ఉప్పులోని క్లోరైడు లోహపు సందులలో నిలిచి, తేమ తగిలినప్పుడల్లా రాగిని తింటూ పోతుంది. లేత ఆకుపచ్చని పొడి మచ్చలు మచ్చలుగా పుట్టి, తుడిచినా తిరిగి వస్తుంటే అది సామాన్యమైన చిలుము కాదు. లోహానికి పట్టిన రోగం. సముద్రతీరపు ఊళ్ళలో దీనిని మరింత కనిపెట్టి ఉండవలెను. అట్టి మూర్తిని మిగిలిన వాటి నుండి వేరుగా, పొడిగా ఉంచి, పురావస్తు సంరక్షణ తెలిసినవారికి చూపవలసినదే గాని ఇంట్లో గోకరాదు.

ఈ విషయంలో కోవెలలు ఎట్లా నడచుకొంటున్నవో చూడవలెను.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఇంటి దేవతార్చన మందిరానికి కోయిలాళ్వార్ అని పేరు. స్వామి వేంచేసి ఉన్న స్థలాన్ని కూడా ఒక ఆళ్వారుగా గౌరవించడం ఇందులోని విశేషం. తిరుమలలో సంవత్సరానికి నాలుగు పర్యాయాలు, ఉగాదికి, ఆణివార ఆస్థానానికి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చే మంగళవారాలలో, కోయిలాళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. ఆనందనిలయం మొదలు బంగారు వాకిలి వరకు, ఉపాలయాలు, పోటు, గోడలు, పైకప్పు, పూజాసామగ్రి అన్నిటినీ నీటితో శుద్ధిచేస్తారు. నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలీగడ్డ మొదలైన సుగంధద్రవ్యాలు కలిపిన పరిమళ జలాన్ని గోడలకు ప్రోక్షిస్తారు. ఇంత జరుగుతున్నంతసేపూ మూలవిరాట్టును వస్త్రంతో పూర్తిగా కప్పి ఉంచుతారు. శుద్ధి ముగిసిన తరువాతనే ఆ వస్త్రాన్ని తొలగించి పూజా నైవేద్యాలు సమర్పిస్తారు. గోడలకు తిరుమంజనం, స్వామికి కప్పుడు! దుమ్ము దులిపే ఉత్సాహం స్వామి మీదికి పోకుండా పెద్దలు అడ్డుగా ఒక వస్త్రం పరచినారు.

జ్యేష్ఠమాసంలో మూడు దినాలు జరిగే జ్యేష్ఠాభిషేకం ఇంకా స్పష్టమైన నిదర్శనం. నిత్యమూ ఊరేగింపులతో, తిరుమంజనాలతో ఉత్సవమూర్తులకు అరుగుదల కలుగకుండా కాపాడడమే ఈ ఉత్సవ ప్రయోజనం. మొదటి నాడు వజ్రకవచం, రెండవ నాడు ముత్యాల కవచం, మూడవ నాడు స్వర్ణకవచం సమర్పిస్తారు. ఆ స్వర్ణకవచంతోనే స్వామి మరుసటి జ్యేష్ఠాభిషేకం దాకా దర్శనమిస్తారు. భక్తులు చూచి ఆనందించే మెరుపు కవచానిది. కవచం కింద మలయప్పస్వామి భద్రంగా ఉన్నారు. ఇటీవలి సంవత్సరాలలో వారం వారం జరిగే విశేషపూజ, సహస్రకలశాభిషేకం వంటి సేవలను సంవత్సరానికొకసారి జరిపేటట్లు మార్చడానికి కూడా ఉత్సవమూర్తుల అరుగుదలే కారణం. కోవెలలో ఒక సేవను తగ్గించడం సామాన్యమైన నిర్ణయం కాదు. ఆ సేవకు ఎదురుచూచిన భక్తుల నిరాశ ఒక పక్క, రాబోయే తరాల దర్శనం ఒక పక్క. రాబోయేవారి పక్షాన మాట్లాడడానికి ఎవరూ లేరు గనుక, ఉన్నవారే వారి తరఫున కూడా ఆలోచించవలసి వచ్చినది.

సింహాచలంలో వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతా చందనంలో ఉండి, అక్షయతృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం అనుగ్రహిస్తారు. ముందు రాత్రి అర్చకస్వాములు ఆ చందనాన్ని వెండి బొరిగెలతో ఒలుస్తారు. రాతి మూర్తి మీది చందనం తీయడానికి మెత్తని వెండిని ఎన్నుకోవడంలోని వివేకాన్ని, ముడతలలోని కుంకుమను గుండుసూదితో గోకే గృహస్థులు గమనించవలెను. కాంచీపురంలో అత్తి కొయ్యతో చేసిన వరదరాజమూర్తి ఆనందసరస్సులోని నీళ్ళలో ఉండి నలుబది యేండ్లకొకసారి వెలికి వస్తారు. 1939లో, 1979లో, 2019లో అట్లా దర్శనమిచ్చినారు. గాలి తగలని చోట కొయ్యకు చేటు తక్కువ. స్వామికి దూరంగా ఉండడం కూడా ఒకప్పుడు స్వామిని సేవించడమే.

ఇప్పుడు తత్త్వం వైపు చూడవలెను. శేషమంటే ఏమిటో వేదార్థసంగ్రహంలో భగవద్రామానుజులు నిర్వచించినారు. ఇతరునికి అతిశయాన్ని కలిగించడానికే ఏది ఉన్నదో, అదే దేని స్వరూపమో, అది శేషం. ఆ ఇతరుడు శేషి. జీవుడు శేషభూతుడు, పరమాత్మ శేషి. ఈ నిర్వచనాన్ని పెరటి గట్టు మీదికి తీసుకొనివస్తే, తోమేవాడు శేషం, తోమించుకొనేవాడు శేషి. తోమడం వల్ల కలిగే అతిశయం ఎవరికి చేరుతున్నది? మూర్తికి చేరితే అది కైంకర్యం. 'మా ఇంటి విగ్రహం చూచినారా, ఎట్లా మెరుస్తున్నదో' అని గృహస్థునికే చేరితే, ద్రవ్యం అదే, శ్రమ అదే, కాని శేషశేషిభావం తలక్రిందులైనది. స్వామి గృహస్థుని ఇంటికి అలంకారమైపోయినాడు.

ఇందులోని కష్టమంతా అర్చావతార స్వభావంలో ఉన్నది. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపాలలో అర్చ అత్యంత సులభమని పూర్వాచార్యుల మాట. సర్వస్వతంత్రుడు స్నానానికి, ఆహారానికి, శయనానికి అర్చకుని చేతి మీద ఆధారపడి ఉంటాడు. తానే స్వామి అయి ఉండి తాను ఒకరి సొత్తు అయినట్లు నిలుస్తాడని పిళ్ళై లోకాచార్యులు తత్త్వత్రయంలో వివరించినారు. ఆయన దేనికీ అభ్యంతరం చెప్పడు. చన్నీళ్ళు పోసినా వద్దనడు. పులుపుతో రుద్దినా కాదనడు. యంత్రం మీద పెట్టినా ఊరకుంటాడు. చేసేవానికి బాధ్యత పెరిగేది అక్కడనే. ఎదురు చెప్పలేని పసివాని విషయంలో తల్లి ఎట్లా వెయ్యి కళ్ళతో ఉంటుందో, ఎదురు చెప్పని స్వామి విషయంలో గృహస్థుడు అట్లా ఉండవలెను. మధురలో గరుడారూఢుడై సాక్షాత్కరించిన సర్వేశ్వరుని చూచి పెరియాళ్వారు వరాలు కోరలేదు. ఈ సౌందర్యానికి ఎవరి దృష్టి తగులునో అని భయపడి పల్లాండు పాడినారు. రక్షకునికి రక్ష కోరడం తర్కానికి నిలువదు, ప్రేమకు నిలుస్తుంది. మూర్తి ముక్కు కొస అరిగిపోతున్నదే అని దిగులుపడే ముసలమ్మది అదే కులం.

శ్రీరంగ చరిత్రలో ఒక కథ ఉన్నది. పద్నాలుగవ శతాబ్దిలో తురుష్కుల దండయాత్ర వేళ శ్రీరంగనాథుని ఉత్సవమూర్తిని పిళ్ళై లోకాచార్యులు మొదలైన భక్తులు రహస్యంగా తరలించుకొనిపోయినారు. ఆ స్వామి అనేక ప్రదేశాలు తిరిగి, తిరుమలలో కూడా కొంతకాలం వేంచేసి ఉన్నారు. అక్కడి రంగనాయకుల మంటపం దానికి గుర్తు. 1371లో గోపన్న స్వామిని తిరిగి శ్రీరంగానికి తెచ్చినాడు. ఇంచుమించు అర్ధశతాబ్ది గడచిపోయినది. పాత మూర్తిని ఎరిగినవారు పోయినారు. ఈ మధ్యలో వేరొక ఉత్సవమూర్తి అక్కడ ఆరాధన అందుకొంటున్నది. వచ్చినవారు అసలు స్వామియా కాదా అన్న సందేహం పుట్టినది. అప్పుడు వృద్ధుడైన ఒక రజకుడు ముందుకు వచ్చినాడని కోయిల్ ఒళుగు చెబుతున్నది. ఆయనకు చూపు లేదు. పూర్వం స్వామి తిరుమంజన వస్త్రాలు ఉతికిన సేవకుడు. మూర్తులకు తిరుమంజనం చేయించి, ఆ తడివస్త్రపు తీర్థాన్ని తనకు ఇమ్మని కోరినాడు. రెండింటినీ నోట వేసుకొని, కస్తూరి పరిమళాన్ని పట్టి, వీరే మన పెరుమాళ్ళు అని చెప్పినాడు. నంబెరుమాళ్ అన్న తిరునామం అట్లా నిలిచినది.

ఈ కథను భక్తి మహిమగా చెప్పి ఊరకుంటారు. దానిలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఏండ్ల తరబడి జరిగిన తిరుమంజనాల పరిమళం మూర్తిని వదలలేదు. మూర్తి తాను పొందిన సేవను తన మీదనే దాచుకొన్నది. ఆ స్వామిని ఎవరైనా పులుపుతో తోమి, కొత్తగా మెరుగుపెట్టి తెచ్చి ఉంటే ఆ రజకుని నాలుకకు ఏ సాక్ష్యం దొరికేది? కోడలు 'మురికి పోయినది, అంతే' అన్నది. పోయినది మురికి ఒక్కటే అయితే ముసలమ్మ తన కృష్ణయ్య కోసం వెదకి ఉండేది కాదు.

ఇంతమాత్రాన మూర్తిని ముట్టుకోకుండా బట్టలో చుట్టి బ్యాంకు లాకరులో పెట్టడం ఉత్తమమని కాదు. కొందరు అట్లా చేస్తున్నారు, అరగదు, పోదు అని. ఆరాధన లేని మూర్తి అరగకపోవచ్చు. కాని దేనికోసం ఆ మూర్తి అవతరించినదో అది కూడా లేదు. పల్లవ రాణి సామవై 966లో తిరుమల స్వామికి సమర్పించిన వెండి భోగశ్రీనివాసమూర్తి నేటికీ నిత్యాభిషేకం అందుకొంటూ, రాత్రి ఏకాంతసేవలో పవళిస్తున్నారు. వెయ్యేండ్లు దాటిన మూర్తి అది. కాని ఆ స్వామిని ఎవరూ పురావస్తువుగా చూడరు. సేవలో అరగడం వేరు, ఆడంబరానికి అరగదీయడం వేరు. మొదటిది తప్పదు, దానిని తగ్గించుకోవడమే చేతనైన పని.

భరతుడు పదునాలుగేండ్లు నందిగ్రామంలో పాదుకలను సింహాసనం మీద ఉంచి, ప్రతి రాజకార్యాన్నీ వాటికి విన్నవించి, తరువాతనే నడిపినాడు. రాజ్యం తన చేతిలో ఉన్నది, తనది కాదు. రాముడు తిరిగివచ్చిన నాడు కోశాన్ని, ధాన్యాగారాలను, సేనను పదిరెట్లు చేసి అప్పగించినాడు. అట్టి సొత్తుకు న్యాసమని పేరు. అప్పగింతగా వచ్చినది, తిరిగి అప్పగించవలసినది. తాతల నాటి మూర్తిని మనుమడు పదిరెట్లు చేయలేడు. తనకు అందినంతను అందినట్లుగా ముందరివారికి ఇవ్వగలిగితే అదే గొప్ప.

గృహస్థులకు ఉపయోగించే కొన్ని సంగతులు ఇక్కడ చెప్పుకోవచ్చు. పళ్ళేలు, సెమ్మెలు, చెంబులు చింతపండుతో తోముకోవడానికి ఆక్షేపణ లేదు. తోమిన తరువాత పులుపు నిలువకుండా కడిగి, వెంటనే పొడిబట్టతో తుడవవలెను. మూర్తులకు మాత్రం మంచినీరు, మెత్తని నూలుబట్ట చాలును. జిడ్డు ఎక్కువగా ఉంటే పలుచని కుంకుడు రసం వేళ్ళతోనే మెల్లగా రాచి కడుగవచ్చు. పాలు, పెరుగు, తేనెతో తిరుమంజనం చేసిన నాడు అవి ముడతలలో ఎండకుండా వెంటనే శుద్ధోదకం పోయవలెను. ఎండిన చందనాన్ని ముందు తడిపి నాననిచ్చి, దూది చుట్టిన వెదురు పుల్లతో తీయవలెను. పువ్వులు రాత్రంతా మూర్తి మీద వాడిపోనీయరాదు. వాటి తడి లోహానికి మచ్చ చేస్తుంది. వెండి మూర్తులను పళ్ళపొడితో, టూత్‌పేస్టుతో రుద్దే అలవాటు ఈమధ్య వచ్చినది. అందులోని సున్నితపు రజను వెండిని గీరుతుంది. వెండిని నూలుబట్టలో చుట్టి ఉంచవలెను, రబ్బరు తగలనీయరాదు. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

తంజావూరు పటాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావలెను. ఆ పటాలలో ఉబ్బెత్తుగా కనబడే భాగాలు సుద్ద, జిగురు కలిపి తీర్చి, మీద బంగారు రేకు అంటించినవి. తడిబట్ట తగిలితే జిగురు కరుగుతుంది, రేకు లేస్తుంది. ఒక్క తడిగుడ్డ నూరేండ్ల పటాన్ని పాడుచేయగలదు. మెత్తని పొడి కుంచెతో అద్దం మీది దుమ్ము దులిపి, చెమ్మ పట్టే గోడకు, దీపపు సెగకు దూరంగా ఉంచడమే దానికి సేవ. సాలగ్రామాలకు ఈ భయాలు లేవు. నీరే వాటికి శుద్ధి. అవి పగిలినా పూజార్హత పోదని పెద్దలు చెబుతారు. లోహ శిలా మూర్తులకు ఆ న్యాయం వర్తించదు. అంగం భిన్నమైతే ఆగమవేత్తలైన అర్చకస్వాములను అడిగి చేయవలసినదే గాని, టంకం వేయించడమో నదిలో కలపడమో ఇంటివారు తమంత తాము నిర్ణయించుకోరాదు.

తాళపత్రాలున్న ఇళ్ళు కూడా ఇంకా కొన్ని ఉన్నవి. గంటంతో గీసిన ఆకుల మీద మసి పూసి అక్షరాలు తేల్చడం, నిమ్మగడ్డి నూనె పట్టించి ఆకు విరగకుండా, పురుగు పట్టకుండా చూడడం పూర్వుల పద్ధతి. చిత్రమేమంటే, నూనె నుండి, నీటి నుండి, సడలిన కట్టు నుండి తనను రక్షించుమని పుస్తకమే వేడుకొంటున్నట్లు లేఖకులు గ్రంథాంతంలో వ్రాసేవారు. నూనె రక్షిస్తుంది, నూనె చెరుస్తుంది. ఎంత, ఎప్పుడు, ఏ నూనె అన్నదానిలోనే భేదం. ఆకులు అంటుకొనిపోయి ఉంటే ఇంట్లో విడదీయబోరాదు. తిరుపతిలో 1939లో స్థాపితమైన శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట్ల ఆ పని తెలిసినవారు ఉంటారు. తాళ్ళపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి, సంకీర్తన భండారంలో శతాబ్దాలు మౌనంగా ఉండి, ఇరవయ్యవ శతాబ్దిలో పండితుల చేతికి వచ్చినవి. ఆ రేకులను తళతళలాడించాలని ఎవరైనా మధ్యలో బూనుకొని ఉంటే అన్నమాచార్యుల అక్షరాలు ఎన్ని మిగిలేవో!

పిల్లలు దూరదేశాలలో స్థిరపడి, ఇంట ఆరాధన సాగే దారి లేనప్పుడు ఒక ప్రలోభం వస్తుంది. పాత మూర్తికి మంచి వెల ఇస్తామనే వారు గుమ్మంలోకే వస్తారు. ఇక్కడ ధర్మంతో పాటు చట్టం కూడా ఉన్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చినది. నూరేండ్లు దాటిన మూర్తులు, చిత్రపటాలు, డెబ్బదియైదేండ్లు దాటిన విలువైన వ్రాతప్రతులు పురావస్తువులు అవుతాయి. లోహ, శిలా, దారు మూర్తుల వంటి వాటిని పురావస్తుశాఖ వారి వద్ద నమోదు చేయించుకోవలెను, అనుమతి పత్రం లేని వ్యాపారికి అమ్మరాదు, విదేశాలకు తీసుకొనిపోరాదు. ఇలవేల్పును బిడ్డతో పాటు విమానం ఎక్కించాలనుకొనే తల్లిదండ్రులు దీనిని తెలుసుకొని ఉండడం మంచిది. ఆరాధన కొనసాగించగల దాయాదికో, కోవెలకో అప్పగించడం పెద్దలకు అనుకూలమైన మార్గం.

ఏ ఇంటివారైనా సులభంగా చేయదగిన పని ఒకటున్నది. మూర్తిని నాలుగు వైపులనుండి ఫోటో తీసి, ఎత్తు, బరువు, మచ్చలు, అరిగిన చోట్లు ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకోవడం. తమిళనాడులోని అనంతమంగళం రాజగోపాలస్వామి కోవెల నుండి 1978లో శ్రీరామ లక్ష్మణ సీతా మూర్తులు దొంగిలింపబడినవి. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ వారు 1958లో తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా ఆ మూర్తులను గుర్తించినారు. 2020 సెప్టెంబరులో లండన్‌లో అవి భారత ప్రతినిధులకు అప్పగింపబడినవి. నలుబది రెండేండ్లు పరదేశంలో ఉన్న రాముడిని ఇంటికి చేర్చినది ఎవరో శ్రద్ధగా తీసిన ఒక పాత చిత్రం. అందులోని పోలికలు అట్లే మూర్తి మీద నిలిచి ఉండబట్టి అది సాధ్యమైనది.

ఆ నవనీత కృష్ణుని మాట మిగిలి ఉన్నది. పోయిన గజ్జెలు తిరిగి రావు. కోడలు ఆ సంగతి గ్రహించిన తరువాత కొన్నాళ్ళు అత్తగారి ముఖం చూడలేకపోయినది. ముసలమ్మ మాత్రం ఏమీ అనలేదు. మునుపటి వలెనే ఉదయాన్నే మంచినీళ్ళు పోసినది, పాతబట్టతో తడి ఒత్తినది. నెలలు గడిచేసరికి ఆ బంగారు ఛాయ మెల్లగా తగ్గి, చెవుల వెనుక, మోకాలి మడతలో వెనుకటి వన్నె కొంచెం కొంచెం కనబడసాగినది. ఇప్పుడు మనుమరాలు పక్కన కూర్చుంటుంది. "వెన్నముద్ద పట్టిన చెయ్యి పట్టుకొని ఎత్తకమ్మా, నొప్పి పుడుతుంది. పీఠం కింద ఒక చెయ్యి, వీపున ఒక చెయ్యి" అని అవ్వ చెబుతుంటే, ఆ పిల్ల రెండు చేతులా స్వామిని ఎత్తి పళ్ళెంలో వేంచేపు చేస్తున్నది.